కడపటి కాపలా: కర్నూలు, అక్టోబరు 20

ఉదయం సి క్యాంపు రైతు బజారులో ఉల్లిగడ్డలు, గోంగూర, అమ్మ అడిగిన సీతాఫలాలు కొనుక్కుని వస్తుంటే, ఆటో పోలీసు పరేడ్ మైదానం గోడ పక్కగా వెళ్లేటప్పుడు లోపలి నుంచి బ్యూగిల్ వినిపించింది. రేపు పోలీసు అమరవీరుల సంస్మరణ దినం కాబట్టి అది రిహార్సల్ అని అర్థమైంది. ఆటో అబ్బాయిని కాసేపు ఆపమని, సంచి ఒళ్లో పెట్టుకుని విన్నాను. ఊదుతున్న కుర్రవాడెవరో గాని, పై స్వరం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక అది జీరపోతోంది. ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటున్నాడు. అలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి కూడా స్వరం పగిలింది గాని ఈసారి అతను ఆగలేదు, చివరి దాకా ఊదాడు. ఇంటికి వచ్చి వంట చేస్తున్నా, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నా రోజంతా ఆ నాలుగోసారి ఊదినదే చెవిలో ఉండిపోయింది.

1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది మన పోలీసులు చనిపోయారు. ఆ రోజును తలచుకుంటూ దేశమంతా ఏటా పరేడ్ జరుపుతారు. ఆ ఏడాది విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న వారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. తరువాత ‘శోక్ శస్త్ర్’ అనే ఆజ్ఞ, తుపాకుల మొనలు నేల వైపు దిగడం, బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ అనే పిలుపు, మౌనం. సైన్యంలో ఉన్న పద్ధతే ఇక్కడా ఉంది.

ఆ పద్ధతి నాకు మొదట తెలిసింది మా నాయన వల్ల. ఆయన బెంగళూరులో సైన్యపు ఇంజనీరింగ్ విభాగం మద్రాస్ సాపర్స్‌లో శిక్షణ పొంది, హవల్దారుగా పింఛను తీసుకుని వచ్చినవాడు. గణతంత్ర దినోత్సవం రోజు దూరదర్శన్‌లో, ఇండియా గేటు కింద 1972లో వెలిగించిన అమర్ జవాన్ జ్యోతి దగ్గర ప్రధానమంత్రి పుష్పగుచ్ఛం ఉంచి నిలబడగానే, మా నాయన కూడా చాప మీది నుంచి లేచి నిటారుగా నిలబడేవాడు. లాస్ట్ పోస్ట్ అయ్యేదాకా, ఆ తరువాతి రెండు నిమిషాల మౌనం గడిచి మళ్లీ ‘రౌజ్’ అనే మేలుకొలుపు పిలుపు మోగేదాకా ఇంట్లో ఎవరమూ మాట్లాడకూడదు. 2020 నుంచి ఆ కార్యక్రమం జాతీయ యుద్ధ స్మారకానికి మారింది. నాయన అక్కడి బ్యూగిల్‌కూ అలాగే లేచి నిలబడ్డాడు, అప్పటికి గోడ పట్టుకుని.

చిన్నప్పుడు ఒకసారి, ‘చచ్చిపోయినోళ్ల పాట కదా నాయనా ఇది’ అని అడిగాను. ఆయన కోప్పడలేదు గాని వెంటనే సరిదిద్దాడు. ‘సావు పాట కాదమ్మీ. అది డ్యూటీ పాట. కాపలా చోట్లన్నీ చూసొచ్చినాము, అంతా సరిగా ఉంది, ఇంక పండుకోండి అని చెప్పేది.’ నాయన చెప్పినదే నిజమని తరువాత చదివి తెలుసుకున్నాను. బ్రిటిష్ సైన్యంలో సాయంత్రం అధికారి కాపలా చోట్లను తనిఖీ చేయడం మొదలుపెట్టినప్పుడు ఒక పిలుపు, చిట్టచివరి కాపలా చోటును చూడడం ముగిశాక మరొక పిలుపు ఊదేవారు. ఆ రెండోదే లాస్ట్ పోస్ట్. రోజూ వినే ఆ పిలుపును 19వ శతాబ్దం మధ్యనుంచి సైనికుల సమాధుల దగ్గర కూడా ఊదడం మొదలైంది. ఇందులో నన్ను కదిలించేది ఇదే: చనిపోయినవాడి కోసం ఎవరూ కొత్తగా ఏడుపు కట్టలేదు, అతను బతికున్న రోజుల్లో ప్రతి రాత్రీ విన్న మాటనే అతనికి మరొక్కసారి వినిపించారు.

నేను పెళ్లికి ముందు కొన్నేళ్లు సంగీతం నేర్చుకున్నాను కాబట్టి, దాని స్వరాల గురించి కూడా ఆలోచించకుండా ఉండలేను. బ్యూగిల్‌కు మీటలు లేవు, వేళ్లు మూసే రంధ్రాలు లేవు. ఊదేవాడి పెదవులూ ఊపిరీ తప్ప మరే ఆధారమూ లేదు. అందులో లాస్ట్ పోస్ట్‌కు వాడేవి ఐదు స్థానాలే: షడ్జమం, పంచమం, పై షడ్జమం, అంతర గాంధారం, పై పంచమం. అంటే నిజానికి స, గ, ప అనే మూడే స్వరాలు. మన చెవికి దుఃఖం అంటే ముఖారి, శుభపంతువరాళి రాగాలు గుర్తుకొస్తాయి, ఆ రెండింటిలోనూ ఉండేది సాధారణ గాంధారం. బ్యూగిల్ మీద పలికేదేమో దానికన్నా ఒక మెట్టు పైనుండే అంతర గాంధారం, శంకరాభరణంలోని గాంధారం. స్వరాన్ని ఊగించే గమకం లేదు, నిషాదం లేదు, ఏడవడానికి కావలసిన సామగ్రి ఏదీ అందులో లేదు. శ్రుతి చక్కగా కలిసిన తంబురా మీద షడ్జమ పంచమాల మధ్య తనంతట తాను వినిపించే గాంధారం అది. అయినా విన్నవాళ్ల కళ్లు తడుస్తాయంటే, ఆ తడి పిలుపులో ఉన్నది కాదు, పిలుపుకు జవాబు రాకపోవడంలో ఉన్నది.

ఉదయం ఆ కుర్రవాడి స్వరం పగిలినప్పుడు నాకు 1963 నవంబరు 25 గుర్తుకొచ్చింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో అమెరికా అధ్యక్షుడు కెనడీ అంత్యక్రియల వేళ సార్జెంట్ కీత్ క్లార్క్ ‘ట్యాప్స్’ అనే బ్యూగిల్ పిలుపు ఊదుతుండగా ఆరో స్వరం విరిగింది. అమెరికన్లు 1862 నుంచి వాడుతున్న ఆ పిలుపులో ఉన్నవి ఇరవై నాలుగు స్వరాలే గనుక, ఒక్కటి విరిగినా దాచుకోవడానికి చోటుండదు. చాలామందికి అది తప్పుగా కాక, దేశం గొంతు పూడుకుపోయినట్లు వినిపించింది. రేపు అతనికి స్వరం సరిగా పలకాలనే కోరుకుంటాను, పలకకపోతే మాత్రం అతను సిగ్గుపడకూడదని కూడా కోరుకుంటాను.

బెల్జియంలోని ఈప్ర పట్టణంలో మెనిన్ గేటు అనే యుద్ధ స్మారకం కింద 1929 నుంచి ప్రతి రాత్రీ ఎనిమిది గంటలకు లాస్ట్ పోస్ట్ ఊదుతున్నారు, జర్మన్ల ఆక్రమణలో ఉన్న 1940-44 కాలాన్ని మినహాయిస్తే. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి కూడా దొరకని యాభై నాలుగు వేలకు పైగా సైనికుల పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి, వారిలో మన భారతీయులూ ఉన్నారు. ఎవరూ చూడవలసిన పని లేని చలి రాత్రి కూడా ఊదుతారట. నాయన వింటే మెచ్చుకునే సంగతి ఇది.

నాయనకు మాత్రం బ్యూగిల్ మోగలేదు. పింఛను మీద ఉన్న సైనికులకు సాధారణంగా ఆ మర్యాద ఉండదు, ఆయనా ఎన్నడూ ఆశించలేదు. కోడుమూరు దగ్గరి మా ఊరిలో తప్పెట్లు కొట్టారు, దాసరి ముందు నడుస్తూ శంఖం ఊది జేగంట వాయించాడు. ఆ శంఖానికీ ఊపిరి తప్ప మరో ఆధారం లేదని ఆ రోజు నాకు తట్టలేదు, ఈ రోజు తట్టింది.

నాయన ప్రతి రాత్రీ పడుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగేవాడు. గ్యాసు కట్టేశారా, పెరటి తలుపు గడియ పడిందా, గేటుకు తాళం ఉందా అని చేత్తో తాకి చూసి, ‘సరే’ అని ఒక్క మాట అనేవాడు, ఎవరితో అన్నాడో తెలియదు. ఆయన పోయిన తరువాత ఆ పని అమ్మ చేస్తోంది. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని తిరుగుతుంటే నేను చేస్తానన్నా వినదు. ఈ రాత్రి ఏమీ అనకుండా ఆమె వెనకే నడిచాను. వంటిల్లు, పెరడు, వసారా అయ్యాక గేటు దగ్గర తాళం లాగి చూసి, నా వైపు తిరిగి, ‘సరే, పండుకో పో’ అంది.