కార్తీక మాసంలో క్యోటో: అమ్మ భోజనం చుట్టూ తిరిగిన ఊరు

క్యోటోలో కూరగాయలకు కరువు లేదు. ముల్లంగి, వంకాయ, చామదుంప, పుట్టగొడుగులు, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ఏ మెనూలో చూసినా కనిపిస్తాయి. శాకాహారికి చిక్కంతా అవి ఉడికిన నీళ్ళతోనే. జపాన్ వంటకు ప్రాణం దాషి అనే చారు. కత్సువో చేపను పొగబెట్టి, ఎండబెట్టి, పల్చటి పొరలుగా గీరి వేడినీళ్ళలో వేసి తీస్తారు. అది సూప్‌లోనే కాదు, వంకాయ వేపుడు మీద పోసే సాస్‌లో, పాలకూర మీద చల్లే పులుసులో, ఒక్కోసారి ఊరగాయలో కూడా ఉంటుంది. కంటికి కనిపించదు.

మా అమ్మది తెనాలి. గుడ్డు కూడా ముట్టదు. పైగా కార్తీక మాసం. ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు, సోమవారాలు నక్షత్రం కనిపించేదాకా ఉపవాసం. "ఈ ఒక్క నెల వదిలేసి ఎప్పుడైనా రావచ్చుగా అమ్మా" అని టోక్యో నుంచి ఫోన్లో బతిమాలాను. "ఆకులు ఎర్రబడేది ఇప్పుడేనంటగా" అంది. అదీ నిజమే. క్యోటోలో మేపుల్ చెట్లు రంగు తిరిగేది నవంబరులోనే.

తను బయల్దేరే ముందే నా ఆఫీసులో ఒకావిడ చేత జపనీస్‌లో ఒక కార్డు రాయించాను. "శాకాహారి" అన్న మాట మాత్రం వద్దన్నాను. ఆ మాట చూస్తే చాలాచోట్ల ముక్కలు తీసేసి చారు అలాగే ఉంచుతారు. మోసం చేయాలని కాదు, చారును వాళ్ళు చేపల కింద లెక్కేయరు. అందుకని విడివిడిగా రాయించాను: మాంసం, చేప, రొయ్య, గుడ్డు, కత్సువో దాషి, ఎండుచేపల దాషి, ఉల్లి, వెల్లుల్లి తినదు. కింద ఇంకో వరుస: కొంబు దాషి, షీటాకే దాషి, సోయా సాస్, మిసో, టోఫు, పాలు తింటుంది. కొంబు అంటే సముద్రపు నాచు, షీటాకే ఒక రకం పుట్టగొడుగు, మిసో పులియబెట్టిన సోయా ముద్ద. ఆ కింది వరుసే మాకు ఎక్కువసార్లు అన్నం పెట్టింది. పైవరుస చదివి మొహం ముడుచుకున్న వంటాయన కింది వరుసకు రాగానే లోపలికెళ్ళి ఏముందో చూసొచ్చేవాడు.

ఇక రోజూ ఏం చూడాలన్నది మధ్యాహ్న భోజనాన్ని బట్టి పెట్టుకున్నాం. క్యోటోలో జెన్ బౌద్ధ మఠాల వంట ఒకటి ఉంది, షోజిన్ ర్యోరి అంటారు. మాంసం, చేప ఉండవు. సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి జాతి ఘాటు దినుసులు కూడా వేయరు. అంటే అమ్మ కార్తీక మాసం నియమం ఇక్కడి సన్యాసులకు పన్నెండు నెలలూ ఉన్నదే. ఈ సంగతి చెప్పాక అమ్మకు జపాన్ మీద గౌరవం ఒక్కసారిగా పెరిగింది. అయితే ఈ భోజనాలు ఎక్కువగా మధ్యాహ్నం పూటే ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. జపనీస్‌లో ఫోన్ చేయడం టెన్షన్ అనుకునేవాళ్ళు తాము దిగిన హోటల్ రిసెప్షన్‌లో అడిగితే వాళ్ళే చేసిపెడతారు. మాకు అలాగే జరిగింది. ఒకచోట కుదరదన్నారు, ఇంకోచోట కుదిరింది.

కుదిరినది అరాషియామాలోని తెన్ర్యూజి మఠం ఆవరణలో ఉన్న షిగెత్సు అనే భోజనశాల. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వే) రైల్లో పావుగంట ప్రయాణం. గోదైగో చక్రవర్తి ఆత్మశాంతి కోసం షోగున్ (సైనిక పాలకుడు) అషికాగా తకవుజి 1339లో పెట్టించిన మఠం తెన్ర్యూజి. భవనాలు మళ్ళీమళ్ళీ తగలబడ్డాయి, ఇప్పుడున్నవి చాలావరకు మేజీ కాలంలో (1868-1912), ఆ తర్వాత కట్టినవి. తోట మాత్రం మొదటి మఠాధిపతి ముసో సోసెకి వేసిన రూపంలో ఇప్పటికీ నిలిచి ఉంది. చెరువు, దాని వెనక రాళ్ళు, ఆ వెనక ఎర్రబడుతున్న కొండలు. కొండలు మఠానివి కావు, కానీ తోటలో భాగంలాగే కనిపిస్తాయి. భోజనానికి తోట టికెట్ వేరేగా కొనాలి. ఈ సంగతి ముందే తెలిస్తే గేటు దగ్గర విసుగు ఉండదు.

లోపల ఎర్ర లక్క పూసిన చిన్నచిన్న గిన్నెలు, కింద కూర్చుని తినడం. నువ్వుల టోఫు నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. దీన్ని సోయాతో చేయరు, నువ్వుల ముద్దను కుజు అనే దుంప పిండితో ఉడికించి గట్టిపరుస్తారు. అమ్మ దాన్ని రెండోసారి అడగమంది. నేను అడగలేదు, ఇక్కడ మారు వడ్డన ఉండదు. మొత్తం మీద ఆమె తీర్పు: "శుభ్రంగా ఉంది, రుచిగా ఉంది, ఉప్పూ కారం మర్చిపోయారు."

ఆ కారం కొరత కియోమిజుదెరా వెళ్ళినప్పుడు తీరింది. గుడి చూడటానికి జనంతో పాటు ఎక్కాం. కొండ వాలు మీద దాదాపు 13 మీటర్ల ఎత్తున నిలబెట్టిన చెక్క వేదిక, 1633లో మళ్ళీ కట్టినది. బాగుంది, కానీ నవంబరులో అక్కడ నిలబడి చూడనివ్వరు, వెనకవాళ్ళు తోసుకుంటూ ఉంటారు. దిగేటప్పుడు సన్నెన్‌జకా మెట్ల మూల మీద మూడున్నర శతాబ్దాలుగా షిచిమి అమ్ముతున్న అంగడి ఉంది. షిచిమి అంటే ఏడు దినుసుల పొడి. ఎండుమిర్చి, నువ్వులు, సన్‌షో అనే నాలుక జివ్వుమనే గింజ పొట్టు, షిసో ఆకు, నాచు వగైరా. చేప లేదు. అమ్మ వాసన చూసి రెండు డబ్బాలు తీసుకుంది. ఆ తర్వాత ప్రతి భోజనం ముందు ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేది.

నాన్‌జెన్‌జి మఠం దగ్గర యుదోఫు తిన్నాం. వేడినీళ్ళలో కొంబు ముక్క వేసి, అందులో టోఫు కాస్తూ తినడమే యుదోఫు. చుట్టూ కొండలు, సముద్రం దూరం, భూగర్భజలం మెత్తన (సున్నం తక్కువ). క్యోటోలో టోఫు, యుబా ఇంత బాగా కుదరడానికి ఇవన్నీ కారణాలే. యుబా అంటే సోయా పాల మీగడ, దాన్ని పొరలుగా తీసి పచ్చిగానూ ఎండబెట్టీ తింటారు. భోజనం మొత్తానికి మూడు నాలుగు వేల యెన్‌లు అవుతుంది. శాకాహారులు ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. కుండలో చేప లేకపోయినా పక్కన ఇచ్చే సాస్‌లో కత్సువో ఉంటుంది. దాన్ని తీసేయమని, ఉత్త సోయా సాస్ ఇమ్మని అడిగాం. టెంపురా అనే బజ్జీల పిండిలో గుడ్డు ఉందేమో కూడా అడగాలి.

తిన్నాక మఠం వెనక్కి నడిస్తే గుడి ఆవరణలోనే ఎర్ర ఇటుకల కమాన్లు, వాటి మీద పారుతున్న కాలవ. 1888లో కట్టిన సుయిరోకకు అనే కాలవ వంతెన అది. 794 నుంచి రాజధానిగా ఉన్న ఊరిని వదిలి 1869లో చక్రవర్తి టోక్యో వెళ్ళిపోయాక క్యోటో దిక్కులేనిదైంది. ఊరిని నిలబెట్టడానికి బివా సరస్సు నుంచి కొండలు తొలిచి నీళ్ళు తెచ్చారు. కాలవ 1890లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజినీరు తనాబె సకురో అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. ఆ నీటితో దగ్గర్లోని కెయాగెలో కరెంటు తీశారు, ఆ కరెంటుతో 1895లో జపాన్‌లో మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ నడిచింది. కృష్ణా కాలవల పక్కన పెరిగిన అమ్మ ఆ కమాన్ల కింద నిలబడి, "ఇదేంటే, మన కాలవని ఎత్తి గుడి నెత్తిన పెట్టారు" అంది. ఫోటోల్లో అందరూ తీసుకునే బంగారు గుడి కింకకుజి కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది. కింకకుజి ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది. 1950లో ఒక యువ సన్యాసి తగలబెట్టాడు, 1955లో మళ్ళీ కట్టారు. చూసి వచ్చేశాం.

సోమవారం వచ్చింది. ఉపవాసంతో ఎక్కువ తిరగొద్దని నేను, ఇంతదూరం వచ్చి గదిలో కూర్చోనని ఆమె. చివరికి ఫుషిమి ఇనారి గుడికి వెళ్ళాం. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో రెండో స్టేషనే. టికెట్ లేదు, తలుపులు మూయరు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఎర్ర తోరణాల కింద సగం కొండ ఎక్కి, ఊరంతా కనిపించే చోట కూర్చున్నాం. అక్కడ నాకు తట్టని సంగతి అమ్మ గమనించింది. నవంబరు మధ్యలో క్యోటోలో అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. తెనాలిలో కన్నా ముందే నక్షత్రం కనిపించింది, ఉపవాసం తొందరగా ముగిసింది. "ఈ ఊరు కార్తీకానికి బాగా పనికొస్తుంది" అంది సంతోషంగా.

కానీ సాయంత్రం మఠాల భోజనాలు ఉండవు. వండుకునే వీలున్న గది తీసుకోవడం ఆ పూట అక్కరకొచ్చింది. కన్వీనియన్స్ స్టోర్‌లో మైక్రోవేవ్‌లో పెట్టుకునే ఉత్త అన్నం, చక్కెర లేని పెరుగు కొన్నాం. పెరుగు డబ్బా మీద జెలటిన్ లేదని చూసుకోవాలి. తెనాలి నుంచి వచ్చిన కందిపొడి, నెయ్యి ఉండనే ఉన్నాయి. జపాన్ బియ్యం జిగురుగా ఉంటుందని మొదట్లో సణిగిన మనిషి, పెరుగన్నానికి దీన్ని మించింది లేదని ఒప్పుకుంది. స్టోర్లలో ఇంకో మాట: పాకెట్ మీద ఉండే అలర్జీ పట్టిక మనకు పనికిరాదు, అందులో కత్సువో ఉండదు. దినుసుల వరుస మొత్తం చదవాలి. ఫోన్ కెమెరా అనువాదం చాలు.

నిషికి మార్కెట్‌లో ఒక ఉదయమంతా గడిచింది. 400 మీటర్లు కూడా లేని ఇరుకు వీధి, రెండు వైపులా నూటికి పైగా అంగళ్ళు. కొన్నది అంగడి ముందే నిలబడి తినేయాలి, నడుస్తూ తినడం అక్కడ వాళ్ళకు నచ్చదు. తలలో పిట్టగుడ్డు కూరిన బుల్లి ఆక్టోపస్‌ను పుల్లకు గుచ్చి అమ్ముతుంటే అమ్మ తల తిప్పేసుకుంది. కాల్చిన చెస్ట్‌నట్లు, తాంబా నల్ల సోయా గింజలు, పచ్చి యుబా కొన్నాం. నవంబరులో వచ్చే సెన్‌మాయిజుకె అనే ఊరగాయ కూడా. చక్రమంత పెద్ద తెల్ల టర్నిప్‌ను కాగితంలా కోసి కొంబుతో ఊరబెడతారు. అంగడావిడ కార్డు చదివి, వరుసగా ఉన్న ఊరగాయల్లో కత్సువో వేసినవాటి మీద వేలు పెట్టి చూపించింది.

ఈ మార్కెట్‌లో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారి ఇంట్లోనే 1716లో చిత్రకారుడు ఇతో జకుచూ పుట్టాడు. కొట్టు తమ్ముడికి అప్పగించి బొమ్మలు వేసుకున్నాడు, మార్కెట్ మూతపడబోతుంటే దాన్ని కాపాడటానికీ తిరిగాడు. రాత్రి అంగళ్ళు మూశాక షట్టర్ల మీద ఆయన కోళ్ళు, చేపలు, కూరలు కనిపిస్తాయి. బుద్ధుడి నిర్యాణాన్ని ఆయన కూరగాయలతో వేశాడు. రెండుగా చీలిన ముల్లంగి బుట్ట మీద పడుకుని ఉంటుంది, చుట్టూ గుమ్మడి, వంకాయ, పుట్టగొడుగులు దుఃఖంలో ఉంటాయి. అసలు బొమ్మ క్యోటో నేషనల్ మ్యూజియం సొత్తు. ఫోన్లో చూపిస్తే అమ్మ చాలాసేపు నవ్వింది. ఆ రాత్రి ముల్లంగి ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగి, మళ్ళీ నవ్వింది.

గుళ్ళలో అమ్మను కదలకుండా నిలబెట్టింది సాన్‌జూసాన్‌గెన్‌దో. 1266లో మళ్ళీ కట్టిన, 120 మీటర్ల పొడవున్న చెక్క మందిరం. లోపల కరుణకు మారుపేరైన బోధిసత్వుడు కన్నోన్ నిలువెత్తు విగ్రహాలు వెయ్యి, మధ్యలో కూర్చున్న పెద్దది ఒకటి. వాటి ముందు 28 మంది కాపలా దేవతలు. వాళ్ళలో మన ఇంద్రుడున్నాడు, బ్రహ్మ ఉన్నాడు, ముక్కుతో రెక్కలతో వేణువు ఊదుతున్న గరుత్మంతుడున్నాడు. వేణువు గరుత్మంతుడి చేతికి ఎలా వచ్చిందని అమ్మ అడిగింది. నాకు జవాబు తెలియదు. ఫోటోలు తీయనివ్వరు కాబట్టి మా తెనాలి పంతులుగారికి చూపించి అడిగే దారి కూడా లేకపోయింది. తోజి అనే ఇంకో గుడిలో అయితే నాలుగు హంసల మీద కూర్చున్న బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు ఉన్నారు. అక్కడ ఆమె చెప్పులు విప్పమని ఎవరూ అనకముందే విప్పేసింది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. ఆకుల కాలంలో సిటీ బస్సులు నిండిపోతాయి, 230 యెన్‌లకు ఊళ్ళో చాలాచోట్లకు వెళ్ళొచ్చన్నది నిలబడే ఓపిక ఉన్నవాళ్ళకే. వీలైనంతవరకు మెట్రో, జేఆర్ రైలు ఎక్కి చివరి ముక్క ట్యాక్సీలో వెళ్ళాం.

చివరగా క్యోటో పక్కనే ఉన్న టీ ఊరు ఉజి. 1053 నాటి బ్యోదోఇన్, పది యెన్‌ల నాణెం మీదున్న మందిరం. అమ్మ నాణెం చేత్తో పట్టుకుని సరిపోల్చి చూసింది. గుడి దారంతా టీ వాసన. టీ ఆకు కలిపిన సోబా నూడుల్స్ ప్రతిచోటా ఉన్నాయి కానీ ముంచుకునే సాస్ మళ్ళీ కత్సువోదే, దాంతో నమస్కారం పెట్టేశాం. డోరయాకి లాంటి గుడ్డు వేసేవి వదిలేస్తే మిఠాయిల దగ్గర మాకు పేచీ రాలేదు. ఎర్ర అజుకి గింజల పూర్ణం, సోయా పొడి చల్లిన వరాబిమోచి, వాటి పక్కన మాచ్చా అనే చేదు పచ్చ టీ పొడి కలిపిన టీ. ఆ చేదుకు అమ్మ మొహం పెట్టినా చిన్న డబ్బా ఒకటి కొంది, ధర నేను చెప్పలేదు. మర్నాడు టోక్యోలో మా వంటింట్లో పాలు కాచి, అందులో రెండు చెంచాల మాచ్చా, మూడు చెంచాల పంచదార వేసి కలిపి ఇచ్చింది. "యాలక్కాయ ఉంటే ఇంకా బాగుండేది" అంది.