ఉపగ్రహం చెప్పే టైమ్‌కి హద్దు ఎక్కడ పెట్టాలి

రాడార్ సైట్లో అయినా, సైనిక రేడియో నెట్‌వర్క్‌లో అయినా టైమ్‌ని నిజంగా మోసేది ర్యాక్‌లో ఉన్న రుబీడియమో, క్వార్ట్జ్ ఆసిలేటరో, అంటే స్థిరమైన ఫ్రీక్వెన్సీతో టిక్ కొట్టే గడియారం. ఉపగ్రహం దాన్ని అప్పుడప్పుడు సరిచేస్తుంది, అంతే. ఆ సరిచేసే అధికారానికి హద్దు పెట్టని చోటే వ్యవస్థ దెబ్బతింటుంది.

ముందు జామింగ్ సంగతి, అంటే రొదతో ఉపగ్రహ సిగ్నల్‌ని ముంచేయడం. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ నేలకి చేరేసరికి సుమారు మైనస్ 128 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే బలం), అంటే రిసీవర్ సొంత నాయిస్ కంటే కూడా కింద. దాన్ని ముంచడానికి పెద్ద జామర్ అక్కర్లేదు. బెంగళూరులో పీణ్యా, జాలహళ్లి వైపు ఏ మేడ చూసినా ఎత్తైన చోటు వాటర్ ట్యాంకే, యాంటెనా తీసుకెళ్లి దాని మీదే బిగిస్తారు. టైమింగ్‌కి అది తప్పు చోటు. యాంటెనా స్థానం పక్కాగా తెలిస్తే టైమ్‌కి ఒక్క ఉపగ్రహం కూడా సరిపోతుంది, కాబట్టి ఎలివేషన్ మాస్క్ (అంతకంటే కిందున్న ఉపగ్రహాలను పట్టించుకోని కోణం) 25 డిగ్రీలు పెట్టినా నష్టం లేదు. మేడ మధ్యలో, పిట్టగోడ కంటే దిగువన, రోడ్డు కనపడకుండా పెట్టండి. నేల మీది జామర్ వచ్చేది పక్కనుంచే, దాన్ని గోడ కొంత ఆపుతుంది. ఈ పనికి ఖర్చు దాదాపు సున్నా. ఆ తర్వాతే సీఆర్‌పీఏ, అంటే జామర్ ఉన్న దిక్కు నుంచి వచ్చేదాన్ని అణచే యాంటెనా మాట. ఏడు ఎలిమెంట్లుంటే ఆరు దిక్కుల జామర్లను అణచొచ్చు, కానీ నల్లింగ్ (ఆ అణచడం) మారినప్పుడల్లా సిగ్నల్ ఆలస్యం కొన్ని నానోసెకండ్లు కదలొచ్చు. కొనేముందు ఈ లెక్క అడగాలి.

మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో ఎల్5 బ్యాండ్ 1176.45 మెగాహెర్ట్జ్ మీద, ఎస్-బ్యాండ్ 2492.028 మీద వస్తుంది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 కూడా చేరింది. మూడు బ్యాండ్లనీ ఒకేసారి జామ్ చేయడం కష్టమే. అయితే ఎస్-బ్యాండ్ పక్కనే వైఫై ఉంది, ఎల్5 మీద విమానాల డీఎంఈ (దూరం కొలిచే రేడియో వ్యవస్థ) పల్సులు పడతాయి. ఎయిర్‌బేస్ దగ్గర మంచి ఫిల్టర్ లేకపోతే దాడి చేసేవాడి అవసరమే ఉండదు.

స్పూఫింగ్, అంటే నకిలీ సిగ్నల్‌తో మోసగించడం, దగ్గరే అసలు చిక్కు. అన్ని ఉపగ్రహాల సిగ్నళ్లనీ ఒకే కొలతలో జరిపితే స్థానం అంగుళం కూడా కదలదు, గడియారం ఒక్కటే జరుగుతుంది. కాబట్టి 'పొజిషన్ సరిగ్గానే ఉంది' అన్న చెక్ ఇక్కడ గుడ్డిది. నమ్మాల్సింది ఆసిలేటర్‌ని. దాడి చేసేవాడు టైమ్‌ని సెకనుకి 1 నానోసెకండ్ చొప్పున లాగాడనుకోండి. అది వంద కోట్లలో ఒక వంతు ఫ్రీక్వెన్సీ మార్పు. స్థిరపడిన రుబీడియం అంత గబుక్కున మారదు కాబట్టి అలాంటి సవరణని తిరస్కరించాలి. హద్దుని పది వేల కోట్లలో ఒక వంతుకి బిగిస్తే, దొరక్కుండా లాగగలిగేది రోజుకి 864 నానోసెకండ్లే. అదే క్వార్ట్జ్ అయితే, మధ్యాహ్నం షెల్టర్ వేడెక్కితే ఫ్రీక్వెన్సీ మారుతుంది కాబట్టి హద్దుని పది రెట్లు వదులు చేయక తప్పదు. అప్పుడు రోజుకి 8.6 మైక్రోసెకండ్లు జారిపోవచ్చు. రుబీడియం దండగ అనే కొనుగోలు విభాగానికి ఈ రెండు అంకెలూ చూపిస్తే చాలు.

మిగిలిన ఆ నెమ్మది జారుడుని పట్టడానికి ఉపగ్రహంతో సంబంధం లేని రెండో ఆధారం ఉండాలి: సీజియం గడియారమో, వేరే ఊరి నుంచి ఫైబర్ మీద టైమ్‌ని మోసుకొచ్చే పీటీపీ ప్రోటోకాలో. ఆ పీటీపీ మూలం కూడా అదే జీపీఎస్ అయితే మాత్రం రెండూ ఒకటే లెక్క.

లాగ్‌లో రెండు గీతలు పక్కపక్కన చూడండి, ఏజీసీ గెయిన్ (రిసీవర్ తనంతట తాను సర్దుకునే యాంప్లిఫికేషన్), సీ/ఎన్0 (నాయిస్‌తో పోల్చిన సిగ్నల్ బలం). రెండూ పడిపోతే జామింగ్. గెయిన్ పడి సీ/ఎన్0 మాత్రం బాగుంటే స్పూఫింగ్ అనుమానించాలి. అన్ని ఉపగ్రహాలూ ఎత్తుతో పనిలేకుండా ఒకే బలంతో కనిపిస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఎన్‌క్రిప్టెడ్ సిగ్నల్‌ని దొంగగా తయారు చేయలేరు గానీ, పట్టుకుని మళ్లీ ప్రసారం చేయగలరు. అప్పుడు టైమ్ వెనక్కే జరుగుతుంది, ముందుకి జరగదు.

జామ్ అలారం వచ్చేలోపే ఆసిలేటర్‌కి కొంత తప్పు సవరణ అందే ఉంటుంది. హోల్డోవర్‌లోకి, అంటే ఉపగ్రహాన్ని వదిలి ఆసిలేటర్ మీదే నడిచే స్థితిలోకి, వెళ్లేటప్పుడు ఆ క్షణపు ఫ్రీక్వెన్సీని కాకుండా గంట కిందటిదాన్ని తీసుకోవాలి. ముందు జామ్ చేసి, రిసీవర్ కళ్లు తెరిచే వేళకి నకిలీ సిగ్నల్ అందించడం పాత ఎత్తే. లాక్ (ఉపగ్రహ సిగ్నల్ మీద పట్టు) మళ్లీ దొరకగానే కొత్త టైమ్‌ని ఒప్పుకోకూడదు. కొత్త టైమ్‌కీ హోల్డోవర్ టైమ్‌కీ తేడా, హోల్డోవర్‌లో పేరుకునే గరిష్ఠ తప్పు కంటే ఎక్కువైతే ఆపరేటర్ చూసేదాకా పక్కన పెట్టాలి.

ఇవన్నీ పరీక్షించడానికి ఉపగ్రహ సిగ్నల్ సిమ్యులేటర్‌ని అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించే పరికరం) మీదుగా కేబుల్‌తోనే రిసీవర్‌కి కలపండి. మేడ మీద గాల్లోకి వదిలితే చట్టవిరుద్ధం, పైగా పక్క భవనాల టైమ్ కూడా పోతుంది. మామూలుగా అందరూ గంట టెస్ట్‌తో సరిపెట్టేస్తారు. నెమ్మదిగా లాగే దాడి గంటలో బయటపడదు, కనీసం మూడు రోజులు నడపాలి.