నాసి లెమాక్ గొప్పతనం గురించి ఈయన

ఇందాక అబ్బాయి ఫోన్ చేశాడు. నేను "హలో" అనేలోపే ఈయన ఫోన్ లాక్కుని, "ఒరేయ్, ఈసారి కౌలాలంపూర్ మీదుగా వచ్చేటప్పుడు నాసి లెమాక్ తినకుండా విమానం ఎక్కకు. ఆ సంబల్ ఉంది చూశావూ, అబ్బబ్బ..." అని మొదలుపెట్టారు. నాసి లెమాక్ అంటే మలేషియా వాళ్ళ కొబ్బరిపాల అన్నం, సంబల్ అంటే దాంతో పెట్టే మిరపకాయ పచ్చడి లాంటిది. పెట్టెలోంచి తడి బట్టలు తీస్తున్న నాకు చెయ్యి ఆగిపోయింది. నిన్న ఆ సంబల్ వాసనకి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్న మనిషి ఎవరో మరి! ఇప్పుడు హాయిగా గుర్రు పెడుతున్నారు. నిద్ర రానిది నాకే.

మెల్‌బోర్న్‌లో అబ్బాయి దగ్గర్నుంచి వస్తుంటే మధ్యలో కౌలాలంపూర్‌లో దాదాపు పగలంతా ఖాళీ. ఎయిర్‌పోర్టు కుర్చీల్లో జోగుతూ కూర్చోవడం నావల్ల కాదని ముందే చెప్పాను. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకి మలేషియా వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు. ఎయిర్‌పోర్టేమో ఊరికి యాభై కిలోమీటర్ల పైనే, సెపాంగ్‌లో ఉంది. ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే అరగంటలో ఊళ్ళోని పెద్ద స్టేషన్ కె.ఎల్. సెంట్రల్‌లో దింపేస్తుంది, మనిషికి 55 రింగిట్లు. ఈయన ఆ 55ని రూపాయల్లోకి మార్చి, ఇద్దరికీ రానూపోనూ లెక్కగట్టి, ఆ లెక్క రైల్లో నాకు రెండుసార్లు వినిపించారు. కిటికీలోంచి ఆయిల్‌పామ్ తోటలు చూసుకుందామనుకున్నాను. ఆ లెక్క చెవిలో పడుతుంటే ఏం చూస్తాం?

స్టేషన్ దాటితే బ్రిక్‌ఫీల్డ్స్. లిటిల్ ఇండియా అంటారు. పూల దండలు, స్వీటు షాపులు, అరటాకు భోజనాల హోటళ్ళు. ఈయన మొహం వెలిగిపోయింది. "ఇక్కడే తినేద్దామే, సాంబారు వాసన వస్తోంది" అన్నారు. అబ్బాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయనకి సాంబారు పెట్టింది ఎవరు? నేను. ఇప్పుడు ఇంకో దేశంలో దిగి, ఉన్న నాలుగు గంటల్లో మళ్ళీ సాంబారా? "ఏవండీ, మీరు తినండి, నేను అలా వెళ్ళి ఏదైనా వెతుక్కుంటాను" అన్నాను. మూతి ముడుచుకుని వెనకే వచ్చారు.

అప్పుడే మొదలైంది వాన. చినుకులంటూ ఏమీ లేవు, ఒక్కసారిగా కుమ్మేసింది. అక్కడ పాత దుకాణాల ముందు పై అంతస్తు కిందుగా నడవ ఉంటుంది, కాకి లీమా అంటారు. మేం ఆ నడవలోకి పరిగెత్తేసరికి బూట్లలోకి నీళ్ళు చేరిపోయాయి. రోడ్డు మీద జనానికి మాత్రం ఏ హడావుడీ లేదు. మధ్యాహ్నం దాటితే ఉరుములూ వానా అక్కడ మామూలే.

ఆ నడవలోనే ఓ మూల టీ కొట్టు లాంటిది. తలకి స్కార్ఫ్ చుట్టుకున్న పెద్దావిడ బల్ల మీద అరటాకు పొట్లాలు గోపురాల్లా పేర్చి పెట్టుకుంది. అందరూ ఆవిణ్ణి "మక్చిక్" అని పిలుస్తున్నారు, మనం పిన్నిగారూ అన్నట్టు. నేను రెండు పొట్లాలు తీసుకున్నాను. విప్పితే కొబ్బరిపాలలో, వాసన కోసం పాండాన్ ఆకు వేసి వండిన అన్నం. ఓ పక్కన ఎర్రగా సంబల్, నూనె అన్నంలోకి దిగి ఆ వైపంతా నారింజ రంగు తిరిగింది. సగం కోడిగుడ్డు, రెండు కీరా ముక్కలు, పొట్టుతో వేయించిన పల్లీలు, గుప్పెడు నెత్తళ్ళు. నెత్తళ్ళు వేగి వంకర్లు తిరిగి గలగలలాడుతున్నాయి. మొదటి ముద్దలో సంబల్ తియ్యగా తగిలింది. ఇదేంటి బెల్లం పాకమా అనుకునేలోపు కారం వెనకాల నుంచి వచ్చి గొంతు పట్టుకుంది. అదీ పోయాక చివర్లో ఇంకేదో ఉప్పటి వాసన మిగిలింది.

ఆ చివరి వాసన దగ్గరే గొడవ. "ఇదేం కంపు?" అని ఈయన వెళ్ళి మక్చిక్‌ని అడిగారు. ఆవిడ పాపం వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో చూపించి చెప్పింది. చిన్న రొయ్యల్ని ఉప్పేసి దంచి, ఎండబెట్టి, పులియబెట్టి చేసే బెలచాన్ అట. ఓ చిన్న దిమ్మ తీసి చూపించింది కూడా. ఈయన రుమాలు తీశారు. ఇంట్లో ఎండు రొయ్యలు వేయించిన రోజు రెండోసారి అన్నం పెట్టించుకునే మనిషి! ఆ రొయ్యే సముద్రం దాటి ఇంకో పేరు పెట్టుకుంటే పరాయిదైపోయిందా?

సరే, తినకపోతే తినకపోయారు. టోస్టు చెప్పుకున్నారు, గుడ్డూ కొబ్బరిపాలూ పంచదారా వేసి చేసే కాయా జామ్ రాసినది. అది తింటూ వాన వైపు చూసి, ఆ ఊరి కింద వరదనీళ్ళకీ కార్లకీ కలిపి తవ్విన స్మార్ట్ టన్నెల్ గురించి ఎత్తుకున్నారు. 2007లో తెరిచారట, 9.7 కిలోమీటర్లట. ఓ మోస్తరు వానకైతే వరదనీళ్ళు కింది భాగంలో పోతుంటే పైన కార్లు తిరుగుతాయట. పెద్ద వానొస్తే కార్లన్నీ బయటికి పంపేసి గేట్లెత్తి, రోడ్డు భాగం కూడా నీళ్ళకే వదిలేస్తారట. "ఎంత తెలివైన డిజైనో చూడు" అన్నారు. నిజంగానే తెలివైనదే. కానీ నా అన్నం చల్లారిపోతోంది! మధ్యమధ్యలో "ఎలా ఉంది? ఎక్కువ తినకు. విమానంలో కడుపు నొప్పంటే ఎవరు చూస్తారు?" అని ఒకటి. కొత్త రుచిని నాలుక మీద నిలవనిస్తేగా! అప్పుడే ఒట్టేసుకున్నాను, ఇక ఎక్కడికైనా వెళ్తే ఈయన్ని వదిలేసి వదినతోనే అని.

ఇంతవరకు టైపు చేసి, ఇదివరకు వదినతో వెళ్ళిన పెనాంగ్ తల్చుకున్నాను, అదీ మలేషియాలోనే. ఆ ట్రిప్పు గురించి ఎప్పుడూ గొప్పగానే చెబుతుంటాను, మీకూ చెప్పే ఉంటాను. అక్కడి జార్జ్ టౌన్ ఊళ్ళో అప్పుడూ వానే. అలాంటి నడవలోనే, ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని అసాం లక్సా తిన్నాం. చేప మాంసం విడిపోయి చిక్కబడ్డ పుల్లటి రసం, అందులో లావుపాటి బియ్యపు నూడుల్స్, పైన పుదీనా, అనాస ముక్కలు, సన్నగా తరిగిన అల్లం జాతి పూమొగ్గ. గరిటెలో నల్లగా తారులాంటి రొయ్యల పేస్టు విడిగా ఇచ్చారు. కొట్టు ముసలాయన వచ్చి, కొంచెం కొంచెం కలుపుకోవాలని చూపించి వెళ్ళాడు. ఆ రుచి ఎలా ఉందంటే... నాకు సరిగ్గా గుర్తు లేదు. ఎందుకు లేదా అని ఇప్పుడు ఆలోచిస్తే, వదిన ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. "అమ్మాయ్, తిన్నాక మొహం అలా పెట్టకు, బాగుందని చెప్పు. ఇంకోసారి తిను, రసం కారేట్టు పైకెత్తు" అని. పైకెత్తితే చీర మీద పడింది. అది అయ్యీ అవ్వకుండానే చెండోల్ అంది. హోరున వానలో, తడిసి వణుకుతూ, గిన్నెడు ఐస్ తురుము, దాని మీద కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, ఆకుపచ్చ జెల్లీ పోగులు. నాకొద్దు మొర్రో అన్నా వినలేదు. "ఇంత దూరం వచ్చి తినకుండా పోతావా?" అంది. ఆ మాటతో అన్నీ తినిపించింది. రాత్రి హోటల్లో రుచులకి పదికి మార్కులు కూడా వేయించింది.

అంటే వదిన దగ్గర నాకు వద్దనే హక్కు లేదు. ఈయన దగ్గర కనీసం అది ఉంది. ఆయన వద్దన్నారు కాబట్టే రెండో పొట్లం కూడా నాకే దక్కింది. నేను నములుతుంటే నా మొహం చూసింది లేదు, వాన చూసుకున్నారు. టన్నెల్ కథ చెవికి ఇబ్బందే గానీ నాలుకకి అడ్డం రాలేదేమో. ఒకసారి విన్నాక నేనూ "ఊఁ" కొడుతూ ప్రశాంతంగా తిన్నాననే అనిపిస్తోంది ఇప్పుడు.

రైలుకి టైమైందని లేవబోతుంటే, ఆకు మీద మిగిలిన రెండు నెత్తళ్ళూ నాలుగు పల్లీలూ సంబల్‌లో దొర్లించి నోట్లో వేసుకున్నారు. నేను చూడలేదనుకున్నారు. ఇవాళ అబ్బాయికిచ్చిన ఉపన్యాసమంతా ఆ చిటికెడు పెట్టుబడి మీదే. పైగా "మీ అమ్మ భయపడింది గానీ నేనే తినిపించాను" అని కూడా కలిపారు. ఇది మాత్రం క్షమించలేను. తినకపోయినా ఫరవాలేదు, టన్నెల్ కట్టినా ఫరవాలేదు, నా పొట్లాన్ని తన ఖాతాలో వేసుకోవడం ఏంటి?

పొద్దున్నే అబ్బాయికి ఫోన్ చేసి అసలు కథ చెప్పాలి. వదిన సాయంత్రం నుంచి మెసేజ్‌లు పెడుతోంది, వచ్చే ఏడు మలక్కా వెళ్దామని. అక్కడ తినాల్సినవన్నీ లిస్టు కూడా పంపింది, చాలా పొడుగుంది. ఇంకా జవాబు ఇవ్వలేదు. ముగ్గురం వెళ్దామా అని అడిగితే ఎలా ఉంటుందో చూడాలి. ఆవిడ వీడియో తీసుకోవడానికి ఈయన మొహం ఉంటుంది.