ఫోన్ రాకుండా పని సాగే ఫైలు

మన కాలేజీ సంచికకు జ్ఞాపకాలు రాయమంటే, అప్లైడ్ ఆర్ట్ చదివినవాళ్లకు క్యాంటీన్ కన్నా ముందు గుర్తొచ్చేది పోస్టర్ కలరే. రంగు మజ్జిగ చిక్కదనానికి రావాలి. పల్చనైతే కాగితం ఉబ్బుతుంది, చిక్కనైతే బ్రష్ చారలు పడతాయి. రూలింగ్ పెన్నుతో ముందు అంచు గీసుకుని, ఆ తర్వాతే లోపల నింపాలి. మొదటి పూత నిలువుగా వేసి, అది పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. 1940లో మొదలై, 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008 నుంచి జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) పేరుతో నడుస్తున్న, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఈ చేతిపని ఎన్ని బ్యాచ్‌లకు అబ్బిందో! కంప్యూటర్లు వచ్చాక ఇదంతా దండగ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. వంపు ఎక్కడ తిరుగుతుందో చేతికి తెలిసినవాళ్లు పెన్ టూల్‌తో సగం పాయింట్లలోనే ఆ వంపు తెస్తారు.

కాలేజీ నుంచి ఉద్యోగంలోకి వచ్చాక తడబడేది చేతిపని దగ్గర కాదు, "పని అయిపోయింది" అనే మాట దగ్గర. పనులు గోడకు పెట్టి మార్కులు వేసే జ్యూరీ రోజున గోడ మీద బాగుంటే మనకు అయిపోయినట్టే. ప్రెస్సులో, స్టూడియోలో, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అలా కాదు. మీకు ఫోన్ చేయకుండానే తర్వాతి మనిషి తన పని మొదలుపెట్టగలిగితేనే అయిపోయినట్టు. చివరి ఏడాది విద్యార్థులకు చెప్పదలచింది ఇదొక్కటే. మిగతాదంతా దాని వివరమే.

ముందు ప్రెస్ సంగతి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కట్ గీత దాటి బయటికి పొడిగించిన రంగు, ఉండాలి. అది లేకపోతే కటింగ్ మెషీన్ వెంట్రుకవాసి జరిగినా అంచున తెల్ల గీత కనిపిస్తుంది. ముఖ్యమైన అక్షరాలేవీ కట్ గీతకు 5 మిల్లీమీటర్ల కన్నా దగ్గరగా ఉండకూడదు. ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు డీపీఐ అంకె మార్చినంత మాత్రాన లేని వివరం పుట్టదు. రంగులు అచ్చుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతి సీఎంవైకేలోకి (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు) మార్చాక రాణీ పింక్, చిలకాకుపచ్చ తప్పకుండా చప్పబడతాయి. స్క్రీన్ మీద చూసి మురిసిన క్లయింటుకు ఆ సంగతి ముందే ప్రూఫ్ మీద చూపించాలి. అచ్చయ్యాక చెబితే అది సంజాయిషీ అవుతుంది.

నలుపు గురించి వేరే చెప్పాలి. చిన్న అక్షరాలకు ఒక్క నల్ల ఇంకే, 100 శాతం, కింది రంగు మీదే అచ్చయ్యేలా ఓవర్‌ప్రింట్‌లో. పెద్ద నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు అదొక్కటే వాడితే బూడిదరంగులా తేలిపోతుంది. దానికి సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, నలుపు 100 కలిపితే నిండుగా వస్తుంది. నాలుగు ప్లేట్లను సరిపోల్చే గుర్తుల కోసం ఉండే రిజిస్ట్రేషన్ రంగును పొరపాటున నలుపనుకుని వాడితే నాలుగు ఇంకులూ నూటికి నూరు, మొత్తం 400 శాతం పడతాయి. ఆర్ట్ పేపర్ తట్టుకునేది సుమారు 300 నుంచి 320, న్యూస్‌ప్రింట్‌కు 240 దాకా. అంతకు మించితే ఇంకు ఆరదు, ఒక షీటు మీది బొమ్మ పై షీటు వెనక అంటుకుంటుంది. ప్రెస్సువాళ్లు దాన్ని మిషన్‌మ్యాన్ తప్పు అనరు, మీ ఫైలు తప్పే అంటారు.

సెంటర్ పిన్ పుస్తకమైతే పేజీలు 4తో భాగించబడాలి. 30 పేజీల సావనీర్ అంటూ ఉండదు, 28 లేదా 32. పేజీలు ఎక్కువైనకొద్దీ మధ్య షీట్లు బయటికి పొడుచుకొస్తాయి. వాటిని సమంగా కోసినప్పుడు ఆ పేజీల బయటి మార్జిన్ తగ్గిపోతుంది కాబట్టి పేజీ నంబరు మరీ అంచున పెట్టకండి. వెన్నుకు జిగురుతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ అయితే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి మార్జిన్ ఎక్కువ వదలాలి. వెన్ను మందం లెక్కలతో ఊహించే కన్నా అదే కాగితంతో ఖాళీ నమూనా (డమ్మీ) కట్టించి స్కేలు పెట్టి కొలవడం మంచిది. డెమీ, క్రౌన్, డబుల్ క్రౌన్ కాగితాలు ఎన్ని అంగుళాలో, ఒక షీటులో ఎన్ని పేజీలు పడతాయో తెలియకుండా వేసిన డిజైన్‌లో కాగితం సగం కత్తిరింపులకే పోతుంది. డబుల్ క్రౌన్ 20 బై 30 అంగుళాలు. మీ బ్రోషర్ అర అంగుళం పొడవు తగ్గితే షీటుకు రెండు కాపీలు ఎక్కువ రావచ్చు. ఇవి తెలుసుకోవడానికి ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు వేసేచోట రెండు రోజులు నిలబడి చూడండి, విజయవాడ వైపువాళ్లయితే పుస్తకాల ప్రెస్సుల్లో. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ రాకపోతే రాకపోయింది.

ఇక తెలుగు అక్షరాలు. మిగతా రాష్ట్రాల డిజైనర్లకు లేని మన బలం ఇదే, ఎక్కువగా పరువు పోయేదీ ఇక్కడే. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి వరల్డ్‌-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగులో వత్తులు అక్షరం కిందికి రాకుండా విడివిడిగా పడతాయి. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌లలోనూ దక్షిణాసియా లిపుల సెట్టింగు ఒకటుంది, కొత్త ఫైలు తెరిచే ముందే చూసుకోవాలి. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కింద వ వత్తు పడిపోవడం అందరూ చూసే ఉంటారు. ఆ రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని గుర్తు, యూనికోడ్‌లో 200సి, పెడితే పొల్లు నిలబడుతుంది. బ్రాండ్ పేర్లలో ఇది రోజూ అవసరపడుతుంది.

పంక్తుల మధ్య దూరం ఇంగ్లిష్ లెక్కన 120 శాతం వదిలేస్తే పై లైను వత్తులు కింది లైను గుడులను గుద్దుతాయి. 11 పాయింట్ల తెలుగు టెక్స్ట్‌కు 15, 16 పాయింట్లు ఇవ్వాలి. ఫాంటును బట్టి కొంచెం అటూఇటూ. టైటిల్ లావుగా కనిపించాలని అక్షరం చుట్టూ స్ట్రోక్ వేయడం మరో జబ్బు. బొద్దు ఫాంటు వెతకడానికి బద్ధకించి చేసే పని ఇది. స్ట్రోక్ బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది. థ కడుపులోని చుక్క పూడిపోయి ధ అవుతుంది. 'కథ' కాస్తా 'కధ' అయి హోర్డింగెక్కుతుంది. నాలుగు రంగుల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు పెట్టేటప్పుడూ ఇదే గొడవ. రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం (రిజిస్ట్రేషన్) కొంచెం కదిలితే సన్నటి గీతలు పూడిపోతాయి. అలాంటిచోట 10 పాయింట్లకు తగ్గకండి, సన్నటి ఫాంటు వాడకండి.

అను ఫాంట్లలో టైపు చేసిన మేటర్ ఇంకా చాలా ప్రెస్సుల్లో నడుస్తోంది. అది యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చినది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి, వెబ్‌లో పెడితే వెతికినా దొరకదు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి కానీ, మార్చాక వత్తులూ అంకెలూ కొటేషన్ గుర్తులూ ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. నోటో సాన్స్, అనేక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా బరువులూ ఉన్నాయి. క్లయింటుకు లోగో ఇచ్చేటప్పుడు ఫాంటు ఏ లైసెన్సుదో రాసివ్వండి. ఏఐ టూళ్లు బొమ్మ బాగానే వేసినా తెలుగు టైటిల్ దగ్గర తరచూ లేని అక్షరాలు పుట్టిస్తుంటాయి. లెటరింగ్ క్లాసులో బ్రష్ పట్టినవాళ్లకు అక్కడ ఇంకా పని ఉంది.

ప్రెస్‌కి పంపేటప్పుడు అక్షరాలను ఔట్‌లైన్‌గా (ఫాంటు అవసరం లేని ఆకారాలుగా) మార్చిన పీడీఎఫ్ ఒకటి, దిద్దుకోవడానికి వీలున్న ఒరిజినల్ ఇంకొకటి. మార్చడం కాపీలోనే చేయండి. ఫైలు పేరులో 'ఫైనల్' అన్న మాట రానివ్వకండి. తేదీ, వెర్షన్ నంబరు చాలు. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ లాస్ట్ అని మూడున్న ఫోల్డర్‌లో ఏది అచ్చుకు పోవాలో రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కు ఎవరు చెబుతారు?

యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ వైపు వెళ్లేవాళ్లకు హైదరాబాద్ స్టూడియోల్లో తొలి మెట్టు ఎక్కువగా రోటో (షాటులోని మనిషిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరుచేయడం), పెయింట్ (వైర్ల వంటి అక్కర్లేనివి చెరపడం), కెమెరా కదలికను కంప్యూటర్‌లో పట్టే మ్యాచ్‌మూవ్. రోటో అంటే ఒక్కో ఫ్రేములో మనిషి చుట్టూ గీత గీయడం అనుకుంటారు. సెకనుకు 24 ఫ్రేములు, అన్నిట్లోనూ గీస్తే అంచు పురుగులా కదులుతుంది. తల, మెడ, భుజం, మోచేయి, అరచెయ్యి వేరువేరు ఆకారాలుగా విడగొట్టాలి. కదలిక మొదలయ్యే, ఆగే, దిశ మారే ఫ్రేముల్లో ముందు ఆకారం సరిచేసి 'కీ' పెట్టాలి, మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ నింపుతుంది. మధ్యలో తేడా కనిపించినచోట మాత్రమే ఇంకో కీ. అయ్యాక వెనక ఎర్రటి రంగు పెట్టి ప్లే చేస్తే అంచు వణుకు, జుట్టు దగ్గర తెగిపోయిన ముక్కలు, కదలికలో వచ్చే మసక (మోషన్ బ్లర్) లేక కత్తిరించినట్టున్న వేళ్లు అన్నీ బయటపడతాయి. మీ షాట్లు చూపించే షోరీల్ వీడియో 60 నుంచి 90 సెకన్లు, మంచి షాటే మొదట. గుంపుగా చేసిన ప్రాజెక్టులో మీరు చేసినదేమిటో షాటు కిందే రాయండి. లైటింగ్ చేసినవాడు మోడలింగ్ కూడా తనదే అన్నట్టు చూపితే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

పెయింటింగ్, స్కల్ప్చర్ వాళ్లు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే అందమైన కాన్సెప్ట్ బొమ్మ డైరెక్టర్‌కు. కార్పెంటర్‌కు కావాల్సింది మాత్రం పావు అంగుళాన్ని అడుగుగా లెక్కేసిన ప్లాను, ఎలివేషను, ప్రతి గోడకూ అంకెల్లో కొలతలు. ప్లైవుడ్ షీటు 8 బై 4 అడుగులు. గోడ ఎత్తు 8 అడుగుల 3 అంగుళాలని గీస్తే ఆ మూడంగుళాల కోసం కొత్త షీటు కోయాలి, అతుకు కనపడకుండా పూయాలి. టెక్స్‌టైల్ వైపు ఇక్కత్ మగ్గానికీ అంతే. నూలును ముడులు కట్టి రంగులద్దాకే నేస్తారు కాబట్టి డిజైన్ గ్రాఫ్ గళ్లలోకి దిగకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

పోర్ట్‌ఫోలియోకు 12 నుంచి 15 పనులు చాలు. నాలుగేళ్ల అసైన్‌మెంట్లన్నీ కుక్కితే చూసేవాళ్లు బలహీనమైనవాటినే గుర్తుపెట్టుకుంటారు. 10 ఎంబీ లోపు పీడీఎఫ్, ఫోన్‌లోనూ తెరుచుకోవాలి. రెండు మూడు పనులకైనా పూర్తి దారి చూపించండి: క్లయింటు ఏం అడిగాడో చెప్పే బ్రీఫ్, పారేసిన స్కెచ్‌లు, పారేయడానికి కారణం, అచ్చయిన వస్తువు ఫొటో. మాకప్ బొమ్మ మీద అతికించిన టీషర్టు కన్నా స్క్రీన్ ప్రింటింగ్ చేయించిన నిజం గుడ్డసంచీ నయం. కాన్వాస్‌లు ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో సమానమైన లైట్లు పెట్టి, కెమెరా కాన్వాస్‌కు సమాంతరంగా ఉంచాలి. లేకపోతే వార్నిష్ మెరుస్తుంది, చదరం వంకరపోతుంది.

విభాగానికి ఒక సూచన. జ్యూరీకి వారం ముందు ఒకరి ఫైలు ఇంకొకరికిచ్చి, ఏమీ అడగకుండా ప్రింట్ తీసుకురమ్మనండి. 'ఈ ఫాంటేది, ఈ ఫొటో లింకేది, ఇది రెండు వైపులా అచ్చా' అని అడగాల్సి వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఫైలు యజమానికి ఒక మార్కు కోత. ఖర్చు లేని పరీక్ష ఇది.

డబ్బుల సంగతికీ ఇదే పద్ధతి. కొటేషన్ చదివితే మీ గొంతు వినాల్సిన పని ఉండకూడదు. ఎన్ని ఆప్షన్లు (రెండు చాలు), ఎన్ని సార్లు మార్పులు (రెండు), ఆపై ఒక్కో మార్పుకు ఎంత, అడ్వాన్స్ 50 శాతం, మధ్యలో ఆపేస్తే ఎంత, దిద్దుకోవడానికి వీలున్న ఓపెన్ ఫైలు కావాలంటే విడిగా ఎంత, తెలుగు మేటర్ ఎవరు దిద్దుతారు. చివరిది మరిచిపోతే తప్పచ్చుల ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఫోన్‌లో ఒప్పుకున్నదాన్ని ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపండి.

1957 కాపీరైట్ చట్టంలో మనకు పనికొచ్చే సెక్షన్లు కొన్నున్నాయి. గీసినవాళ్లే మొదటి యజమానులన్నది 17వ సెక్షన్. కానీ ఉద్యోగంలో భాగంగా చేస్తే హక్కు ఉద్యోగమిచ్చిన సంస్థది. డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్, తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు గీయించుకున్నవాళ్లదే. అందుకే ముఖచిత్రం వేసేవాళ్లు పని మొదలుపెట్టకముందే రాసుకోవాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. టెక్స్‌టైల్, ప్రాడక్ట్ విద్యార్థులు 15వ సెక్షన్ చూడాలి. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గదాన్ని చేయకుండా పరిశ్రమలో 50 కన్నా ఎక్కువ కాపీలు తయారుచేస్తే కాపీరైట్ పోతుంది.

కంపెనీలు ఫీజులో టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) కింద, ప్రొఫెషనల్ ఫీజైతే సాధారణంగా 10 శాతం, పట్టుకుని ఇస్తాయి. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపన్ను పోర్టల్‌లో చూసుకుని, రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను పోను మిగిలింది వెనక్కొస్తుంది. ఇన్‌వాయిస్ మీద పాన్, బ్యాంకు వివరాలు, వరస నంబరు లేకపోతే అకౌంట్స్‌వాళ్లు దాన్ని పక్కన పెడతారు, నెలాఖరుకు మీరే ఫోన్ చేయాల్సి వస్తుంది.