ఫ్లోట్ ట్యూబ్ ఎంపికకు నెల రోజులు

ఫ్లై ఫిషింగ్‌కి (పురుగులా కనిపించే తేలికపాటి ఎరను విసిరి చేపలు పట్టడం) ఫ్లోట్ ట్యూబ్, అంటే కూర్చుని నీటి మీద తేలే గాలి నింపిన సీటు, కొనడానికి నెల రోజులు ఆలోచించాను. ఈరోజు మొదటిసారి దాంట్లో మూడు గంటలు గడిపి వచ్చాను, మనసు నిండిపోయింది.

ఇంతకుముందు అరువు తెచ్చుకున్నది గుండ్రటిది. కాళ్లకు ఫిన్స్ (నీటిని తన్నడానికి తొడుక్కునే తెడ్డు లాంటివి) వేసుకుని దాంట్లోంచి బయటికి రాబోయి ఒడ్డు దగ్గర తూలాను, చాలా టెన్షన్ పడ్డాను. అందుకే ఈసారి ముందు తెరిచి ఉండే వి ఆకారం తీసుకున్నాను. ఫిన్స్‌తో తన్నితే మనం వెళ్లేది వెనక్కే కదా, వీపు వైపున్న మొన నీటిని చీల్చుకుంటూ పోతుంది. కాళ్లకు శ్రమ బాగా తగ్గింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం సీటు ఎత్తు. సీటు కిందికి ఉంటే నడుము దాకా చల్లటి నీళ్లు, వెనక్కి విసిరిన గాలం లైను నీటికి తగులుతుంది. ఎత్తుగా ఉంటే క్యాస్టింగ్ (లైను విసరడం) హాయిగా ఉంటుంది, కానీ గాలి మనల్ని నెట్టేస్తుంది. నేను ఎత్తు సీటుకే ఓటేశాను.

బరువు పరిమితి చూసేటప్పుడు వేడర్స్ (నీళ్లు లోపలికి రాని పొడవాటి తొడుగు), సామాను కూడా కలిపి లెక్కేయండి. గాలి గదులు కనీసం రెండు విడివిడిగా ఉండాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. ప్రవాహం ఉన్న నదిలోకి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి, ఇది నిలకడ నీటికే.