నిన్నటి నీళ్ళు

పదకొండు దాటింది. సముద్రగాలి ఈ పూట పత్తా లేదు, ఒకటే ఉక్కపోత. కళ్ళు మూస్తే చిన్నదాని మొహమే కనిపిస్తోంది. లేచి కూర్చున్నాను.

సాయంత్రం కుక్కరు రెండో కూత వేస్తుండగా పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నిశ్చిత సమాకలనులు, అదే డెఫినిట్ ఇంటిగ్రల్స్, రెండు హద్దుల మధ్య చిన్న చిన్న ముక్కల్ని కూడే లెక్కలు. సైన్ ఎక్స్‌ని 0 నుంచి 2π దాకా చేస్తే సున్నా వచ్చిందట. "గీత పైన ఒక గుట్ట, కింద ఒక గొయ్యి. రెండూ కనిపిస్తున్నాయి కదమ్మా, వైశాల్యం సున్నా ఎలా అవుతుంది?"

"సూత్రం ప్రకారం అంతే వస్తుందే, వేసెయ్" అన్నాను.

"మా సారూ అదే అన్నారు" అని వెళ్ళిపోయింది. తీసుకెళ్ళి ఆ సారు పక్కన నిలబెట్టేసింది నన్ను!

ఆయన మీద నాకు మొన్నటి పేరెంట్స్ మీటింగ్ నుంచే మంట. పై హద్దు వెయ్, కింది హద్దు తీసెయ్, టిక్ పెట్టు, తర్వాతి లెక్క. ఎందుకు అని అడిగితే సిలబస్ ఆగిపోతుందట. రాత్రి పదింటికి ర్యాంకు మెసేజ్ పంపడానికి మాత్రం ఎక్కడా ఆగదు. ఆ మెసేజ్ చూసి మా ఆయన పెరుగన్నం వదిలేసి టెన్షన్ పడటం, దాన్ని నేను చూడటం. వారం వారం ఇదే తంతు.

సరే, నేను మాత్రం ఏం వెలగబెట్టాను? ఇంటర్‌లో ఈ పేపర్లో 75కి 73. సమాకలని గుర్తు ∫కి పడగ, నాలుక గీసి పాముని చేసేదాన్ని. అది లైబ్నిజ్ 1675లో రాసుకున్న పొడుగాటి 'ఎస్' అనీ, లాటిన్‌లో మొత్తం అనే మాటకి మొదటి అక్షరమనీ ఇందాక చదివితే తెలిసింది.

మొత్తం అనగానే కంచరపాలెం ఇల్లు, ఆ కుళాయి. నీళ్ళు గంటసేపు వచ్చేవి. రెండు వాటాలకీ చెరో అరగంట అని ఇల్లుగలావిడ తీర్పు. ముందు అరగంట వాళ్ళది, తర్వాతది మాది. "సమానమే కదండీ" అనేది. నాన్న ఒకరోజు వాచీ పెట్టుకుని కుళాయి దగ్గర కూర్చున్నారు. మొదట్లో నిమిషానికో బిందె, చివర్లో ధార సన్నబడి మూడు నిమిషాలకో బిందె. వాళ్ళకి 30, మాకు 10! కాలం సమానమే, కిందపడ్డ నీళ్ళు కాదు. ధార ఉన్నట్టుండి సన్నబడదు కాబట్టి నిమిషం నిమిషం చూసుకుని కూడాలన్నారు. ఇంకా సన్నంగా, క్షణం క్షణం కోసి కూడితే ఆ పొడుగు 'ఎస్' చేసే పనే కదా అది.

డ్రమ్ముకి సుద్దముక్కతో ముందొక గీత, తర్వాతొక గీత పెట్టేవారు. "నిన్నటి నీళ్ళు లెక్కలోకి రావే" అనేవారు. హద్దుల్లేని సమాకలనిలో, ఏ స్థిర సంఖ్యైనా కావచ్చని జవాబు చివర పెట్టే ప్లస్ సి రాయలేదని నాకు ఎన్ని మార్కులు కోశారో! ఆ సి నిన్నటి నీళ్ళు. రెండు గీతల్లోనూ ఉంటుంది, తీసేస్తే పోతుంది. అందుకే హద్దులున్న చోట దాన్ని రాయక్కర్లేదు. ఇది తట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మరి చిన్నదాని సున్నా? డ్రమ్ములో పోసినంతా ముంచేస్తే మట్టం మొదటి గీత దగ్గరికే వస్తుంది. మార్పు సున్నా. మోసిన నడుముని అడిగితే సున్నా అంటుందా? అది గుట్ట 2, గొయ్యి 2, మొత్తం 4 అంటుంది. చిన్నది అడిగింది నడుము లెక్క, పుస్తకం చెప్పింది మట్టం లెక్క.

పాపం, ఆ సారుకి ఎన్ని సెక్షన్లో అని ఇందాక కాస్త జాలిపడ్డాను. ఇప్పుడు పోయింది. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాకూ చాలేవి, కుక్కరు కట్టేసి ఉంటే.

కేలండర్ కాగితం వెనక డ్రమ్ము బొమ్మ గీసి దాని బల్ల మీద పెట్టాను. పొద్దున్న చూసి, "ఇవాళ కెమిస్ట్రీ పరీక్షమ్మా" అంటుంది.