హేగ్ వెళ్లబోయే మన బడి పిల్లలకు

ఈ సంచికకు పాత జ్ఞాపకాలు రాయమన్నారు. దానికంటే ఎం.యు.ఎన్. (మోడల్ యునైటెడ్ నేషన్స్: పిల్లలు తలా ఒక దేశ ప్రతినిధిగా నడిపే నమూనా ఐక్యరాజ్యసమితి సదస్సు) క్లబ్బులో నేర్చుకున్న పని రాస్తే ఇప్పటి పిల్లలకు ఎక్కువ అక్కరకొస్తుందనిపించింది.

మన దగ్గరి సదస్సులు ఎక్కువగా అమెరికా పద్ధతిలో నడుస్తాయి. హాజరు, స్పీకర్స్ లిస్ట్ (మాట్లాడేవారి వరుస), మోడరేటెడ్ కాకస్ (అధ్యక్షుడు నడిపే చిన్న చర్చ), చివరికి తీర్మానం. దాన్ని సభలోనే రాయాలి, ముందే రాసి తెస్తే ఒప్పుకోరు. ది హేగ్ ఇంటర్నేషనల్ మోడల్ యునైటెడ్ నేషన్స్ 1968లో మొదలైంది, ఏటా జనవరిలో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో జరుగుతుంది. అక్కడ పద్ధతి వేరు. ముసాయిదా ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లాలి, చర్చకన్నా ముందు లాబీయింగ్, అంటే మద్దతు కోసం మంతనాలు, ఉంటుంది. ఒకే అంశంపై నాలుగైదు దేశాలు తెచ్చిన ముసాయిదాలను కలిపి ఒకటి చేసి, కో-సబ్మిటర్ల (దానికి మద్దతుగా నిలిచే దేశాల) సంతకాలు కూడగట్టాలి. ఉపన్యాసం మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు ఇక్కడే వెనకబడతారు. మైకు దగ్గరికి వెళ్లేసరికి తీర్మానంలో ఎవరి క్లాజులు (ఒక్కో భాగం) నిలిచాయో తేలిపోయి ఉంటుంది.

కాబట్టి క్లాజు రాయడం మీద కూర్చోండి. తీర్మానం మొత్తం ఒకే వాక్యం. ప్రియాంబులేటరీ (నేపథ్యం చెప్పే) క్లాజుల చివర కామా, అంకె వేసిన ఆపరేటివ్ (చేయాల్సిన పని చెప్పే) క్లాజుల చివర సెమికోలన్, ఫుల్‌స్టాప్ ఆఖరున ఒక్కటే. ఇవి తప్పితే అప్రూవల్ ప్యానెల్ (ముసాయిదాలను సరిచూసే బృందం) వెనక్కి పంపుతుంది, గంటలు పోతాయి. క్లాజులో వాడే క్రియ ఇంకా ముఖ్యం. జనరల్ అసెంబ్లీ సభ్యదేశాలను కోరగలదు, సిఫార్సు చేయగలదు, ఆదేశించజాలదు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 25వ అధికరణ ప్రకారం సభ్యదేశాలు కట్టుబడాల్సింది భద్రతా మండలి నిర్ణయాలకే.

ఇక అసలు సరుకు. మీకు చాద్ దేశం వచ్చింది, అంశం నీళ్లు అనుకుందాం. 'చాద్ సరస్సు నీటి పంపకానికి కొత్త కమిషన్ ఏర్పాటు చేయాలి' అని రాస్తే, పక్కనున్న నైజర్ ప్రతినిధి ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. ఆ సరస్సు పరీవాహక కమిషన్‌ను చాద్, నైజర్, నైజీరియా, కామెరూన్ 1964లోనే పెట్టుకున్నాయి. దాని ప్రధాన కార్యాలయం చాద్ రాజధాని ఎన్జమీనాలోనే ఉంది. పిల్లల ముసాయిదాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే: ఉన్న సంస్థను వెతక్కుండా కొత్తదాన్ని పుట్టించడం. ఉన్న కమిషన్‌కు ఏ పని అప్పగిస్తారు, డబ్బు ఎవరిస్తారు, నివేదిక ఎప్పటికి, ఎవరికి? ఈ మూడూ రాస్తే కామెరూన్ కూడా సంతకం పెడుతుంది.

హేగ్‌లో ఉత్తమ ప్రతినిధి బహుమతులు ఉండవు. నాకు ఆ సదస్సు మీద అంత గౌరవం అందుకే. కప్పు కోసం పక్కవాడి మాట తుంచేయాల్సిన అవసరం లేదు.

వీసా సంగతి తల్లిదండ్రులు చూసుకోవాలి. షెంగెన్ (నెదర్లాండ్స్ సహా పలు యూరప్ దేశాలకు చెల్లే వీసా) దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా కావాలి. మైనర్లకు అమ్మానాన్నలిద్దరి సమ్మతి పత్రం ఉండాలి. ఒకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆ సంతకానికే వారాలు పడుతుంది, దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి.